ప్రత్తి తీసిన పిదప నేలలో మిగులునదేమి?

మన దేశమున బీటీ ప్రత్తి సాగునకు 2002వ సంవత్సరము మార్చి నెలలో కేంద్రప్రభుత్వపు అనుమతి లభించినది. నాటినుండి నేటివరకు ఆ విత్తనమును గూర్చి జరిగిన వాదోపవాదములకు అంతు లేదు. విత్తనపు ధర యెంత, దిగుబడి పెరిగినదా, పురుగు చచ్చినదా, అప్పు తీరినదా అని పైరును గూర్చి యడిగినవారు పెక్కుమంది. పైరు తీసివేసిన తరువాత ఆ నేల సంగతి యేమని యడిగినవారు మాత్రము అరుదు. నేడు దేశమునందలి ప్రత్తిచేలలో నూటికి తొంబదిపాళ్లకు మించి బీటీ విత్తనమే పడుచున్నది. రాయచూరు, బళ్లారి మండలములలోను, యవత్మాల, చంద్రపురము ప్రాంతములలోను, రాయగడ కొండవాలులలోను, కోవిల్పట్టి చుట్టునుగల కరిసల్ భూములలోను తరతరములుగా స్థిరపడియున్న మన తెలుగు కుటుంబములలో ప్రత్తిని నమ్ముకొని జీవించువారు తక్కువ కాదు. కావున ఈ ప్రశ్న మన యింటి ప్రశ్నయే.

ఈ విషయమున రెండు మాటలు విస్తారముగా వినబడుచున్నవి. బీటీ ప్రత్తి వేసిన నేల శాశ్వతముగా విషపూరితమగునని కొందరు చెప్పుదురు. ఆ విషము రెండుమూడు దినములలో మట్టిలో కలిసి మాయమగునని విత్తనము అమ్మువారు చెప్పుదురు. మొదటి మాట విన్న రైతు భయపడును. రెండవ మాట విన్న రైతు నిశ్చింతగా నిద్రించును. ఇరువురును తమ నేల స్వభావమెట్టిదని విచారింపరు. ఈ రెండు మాటలలోను కొంత నిజమున్నదనియు, ఏదియు పూర్తి నిజము కాదనియు, తీర్పు చెప్పవలసినది నేలయే యనియు మా యభిప్రాయము. అందులకు కారణములను పాఠకుల ముందుంచుచున్నాము.

బీటీ యనునది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనెడి సూక్ష్మజీవి పేరునకు సంక్షిప్తరూపము. ఈ సూక్ష్మజీవి మట్టిలో సహజముగా నుండునదే. 1901లో జపానుదేశమున ఇషివాతా అను శాస్త్రజ్ఞుడు పట్టుపురుగుల చావునకు కారణము వెదకుచు దీనిని కనుగొనెను. 1911లో జర్మనీదేశపు తురింజియా ప్రాంతమునుండి వచ్చిన పిండిపురుగులలో బెర్లినర్ అను పండితుడు దీనిని మరల కనిపెట్టి, ఆ ప్రాంతము పేరునే దీనికి ఉంచెను. 1938 నాటికే ఫ్రాన్సుదేశమున దీనినుండి తయారైన పురుగుమందు అంగడికి వచ్చినది. ఈ సూక్ష్మజీవి తన దేహములో ఒక మాంసకృత్తును స్ఫటికరూపమున చేర్చుకొనును. గొంగళిపురుగు దానిని తినినపుడు, క్షారగుణముగల ఆ పురుగు ప్రేగులో స్ఫటికము కరగి, ప్రేగుగోడకు అంటుకొని, రంధ్రములు చేయును. పురుగు మేత మాని చచ్చును. మనుష్యుల జీర్ణాశయము ఆమ్లగుణము కలది. మన ప్రేగులలో ఆ మాంసకృత్తు అంటుకొనుటకు తగిన స్థానములును లేవు.

సూక్ష్మజీవిలో ఈ మాంసకృత్తును పుట్టించెడి జన్యువును ప్రత్తిమొక్కలో చేర్చుటయే బీటీ ప్రత్తి రహస్యము. 2002లో అనుమతి పొందిన రకములలో క్రై-1-ఏసీ అను ఒక మాంసకృత్తు ఉండెను. 2006లో వచ్చిన రెండవ తరపు విత్తనములలో దానికి తోడు క్రై-2-ఏబీ అను మరియొకటి చేరినది. మట్టిలో ఎటులైనను ఉండెడి పదార్థమే గదా, దీనిని గూర్చి ప్రత్యేకముగా విచారమెందులకని కొందరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నకు సమాధానము సులభము. ఆకులపై చల్లిన బీటీ మందు ఎండతాకిడికి కొలది దినములలో శక్తి కోల్పోవును. బీటీ మొక్కయో, మొలకెత్తినది మొదలు ఎండువరకు ఆకులోను, కాండములోను, వేరులోను ఆ మాంసకృత్తును తయారుచేయుచునే యుండును. పదార్థ మొకటియే యైనను, నేలను చేరెడి పరిమాణము వేరు, కాలము వేరు.

అది నేలను చేరుటకు త్రోవలు పలుగలవు. రాలిన ఆకు ఒకటి. పీకి పడవేసిన లేక దున్ని కలిపిన ప్రత్తికట్టె రెండవది. నేలలో చివికిన వేళ్లు మూడవది. ఇవిగాక, బ్రదికియున్న వేళ్లనుండియే ఈ మాంసకృత్తు స్రవించునని న్యూయార్కు విశ్వవిద్యాలయమున స్టాట్స్కీ, సక్సేనా మొదలగువారు మొక్కజొన్న విషయమున 1999లో ప్రకటించి శాస్త్రలోకమునకు ఆశ్చర్యము కలిగించిరి. ఐదేండ్ల పిదప ఆ బృందమే మరికొన్ని పైరులను పరీక్షించి, మొక్కజొన్న, బంగాళదుంప, వరి వేళ్లు స్రవించుచున్నవనియు, ప్రత్తివేళ్లు స్రవించుటలేదనియు తెలిపినది. చీనాదేశమున మాత్రము ప్రత్తివేళ్ల చుట్టునుగల మట్టిలో ఈ మాంసకృత్తు కనబడినట్లు పరిశోధకులు వెల్లడించిరి. ఒక్క పైరును గూర్చి తెలిసిన దానిని మరియొక పైరునకు అంటగట్టరాదనుటకు ఇది చాలును.

నేలను చేరిన పిమ్మట దానికేమగును? మాంసకృత్తు యేదైనను మట్టిలోని సూక్ష్మజీవులకు ఆహారము. అవి తమ ఎంజైములతో దానిని ముక్కలు చేసి, అందలి కర్బనమును, నత్రజనిని గ్రహించును. ఒక ముక్క తెగినను దాని పురుగుచంపు శక్తి సాధారణముగా నశించును. విత్తనసంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 1996లో బీటీ మొక్కజొన్న పొడిని మట్టిలో కలిపి చూడగా, ఆ శక్తిలో సగము 1.6 దినములలోను, నూటికి 90 పాళ్లు 15 దినములలోను పోయినది. అదే పొడిని మట్టి తగులకుండ ఉంచినపుడు సగము పోవుటకు 25 దినములకు మించి పట్టినది. విరుగగొట్టునది మట్టిలోని ప్రాణమే యనుటకు ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యమేమి కావలయును? రెండుమూడు దినముల మాట పుట్టినది ఇట్టి ప్రయోగములనుండియే.

అయితే అన్ని మాంసకృత్తులును, అన్ని నేలలును ఒకే తీరున ప్రవర్తింపలేదు. మరుసటి యేడు ప్రత్తి ఆకులలోని క్రై-2 జాతి మాంసకృత్తును పరీక్షించినపుడు, సగము తరుగుటకు ప్రయోగశాలలో 15.5 దినములును, ఆరుబయట పొలములో 31.7 దినములును పట్టినవి. క్రై-1-ఏసీ కల ప్రత్తి ఆకులను పలురకముల మట్టిలో కలిపి చూచిన వేరొక బృందమునకు, మొదటి రెండు వారములలో వేగముగ తరుగుటయు, తరువాత ఆ వేగము మందగించుటయు కనబడినది. కొన్ని నేలలలో 140 దినముల పిదప కూడ కొంత మిగిలియుండెను. స్విట్జర్లండు దేశపు చేలలో మొక్కజొన్న మోళ్లను పరీక్షింపగా చలికాలమున విరుగుట దాదాపు నిలిచిపోయి, 200 దినముల తరువాత కూడ ఆ మాంసకృత్తు పట్టుబడినది. ముందు వేగము, వెనుక మందము: ఇది దాదాపు ప్రతి ప్రయోగములోను కనబడు క్రమము.

వెనుకటి మందమునకు ముఖ్యకారణము బంకమన్ను. జి. వెంకటేశ్వర్లు, స్టాట్స్కీ కలసి 1992లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఈ మాంసకృత్తు బంకమట్టి రేణువులకు అరగంటలోనే అంటుకొనును. అంటుకొనిన దానిని సూక్ష్మజీవులు తినజాలవు. కాని పురుగును చంపెడి శక్తి దానికి పోదు. మట్టిలోని జీవపదార్థమునుండి పుట్టు హ్యూమిక్ ఆమ్లములు కూడ దీనిని ఇటులే పట్టియుంచునని తరువాత తెలిసినది. 1998లో వెలువడిన ఒక ప్రయోగమున శుద్ధిచేసిన మాంసకృత్తును మట్టిలో కలుపగా, 234 దినముల తరువాత కూడ ఆ మట్టి పురుగులను చంపినది. అక్కడికి ప్రయోగము ముగిసినదే గాని శక్తి ముగియలేదు. నేల విషపూరితమగునను మాటకు ఆధారము ఇట్టి ఫలితములే.

మరి నిజముగ బీటీ ప్రత్తి పండించిన చేలలో యేమి కనబడినది? అమెరికాలో మూడునుండి ఆరేండ్లు వరుసగా బీటీ ప్రత్తి వేసిన చేలనుండి, పంట ముగిసిన మూడునెలలకు మట్టి తీసి పరీక్షింపగా, క్రై-1-ఏసీ కనబడలేదని 2002లో ప్రకటించిరి. మూడేండ్లు బీటీ మొక్కజొన్న వేసిన చేలనుండి కూడ 2005లో అట్టి ఫలితమే వచ్చినది. ఏటేట పోగుపడుచు పోవునను భయమునకు ఇవి గట్టి సమాధానములు. ఆ పరిశోధకులు విత్తనసంస్థవారు గదా యని ఈ ఫలితములను త్రోసివేయుట న్యాయము కాదు; వారే చెప్పిరి గదా యని విచారణ ముగించుటయు న్యాయము కాదు. ఇందొక మెలకువ కూడ కలదు. మట్టిలోని మాంసకృత్తును కనుగొనవలెనన్న ముందుగ దానిని మట్టినుండి కడిగి తీయవలయును. బంకమట్టికి గట్టిగ అంటుకొనినది ఆ కడుగుటకు పూర్తిగ లొంగదు. కనుక కనబడలేదనుట వేరు, లేదనుట వేరు. సున్నితమైన గొంగళిపురుగులకు ఆ మట్టిని మేతలో కలిపి పెట్టి చూచుట రెండవ పరీక్ష. పైని చెప్పిన ప్రత్తిచేల విషయమున రెండు పరీక్షలును జరిపిరి. ఏ నేల నైనను పరీక్షింపబూనినవారు ఈ రెండును తప్పక జరుపవలయును.

ఇక మన నేలల మాట. విదర్భయు, రాయచూరు, బళ్లారి సీమలును, కరిసల్ భూములును నల్లరేగడి నేలలు. ఎండకాలమున నోరు తెరచునట్టియు, వానకాలమున కాలికి పట్టునట్టియు ఈ నేలలలో బంకపాలు హెచ్చు. అందును మాంట్‌మొరిలొనైట్ అనెడి బంకఖనిజము ప్రధానము. మాంసకృత్తును పట్టియుంచుటలో ఈ ఖనిజము సమర్థమైనది. ఇంతవరకు విన్న రేగడి రైతు కలత చెందుట సహజమే. కాని కథ అంతటితో ఆగలేదు. 1998 నాటి ప్రయోగములోనే, ఆమ్లగుణము హెచ్చుగానున్న మట్టిలో ఈ శక్తి హెచ్చుకాలము నిలిచినది. సున్నము కలిపి ఆమ్లగుణమును తగ్గించినపుడు సూక్ష్మజీవులు విజృంభించి దానిని త్వరగ విరిచినవి. మన రేగడి నేలలు సాధారణముగా సున్నపుపాలు కలిగి క్షారగుణము వైపు మొగ్గుచుండును. రాయగడ, కొరాపుట్టి ప్రాంతములలోని ఎర్రనేలలు పెక్కు ఆమ్లగుణము కలవి. కావున నల్లనేల యనగనే ప్రమాదమనియు, ఎర్రనేల యనగనే క్షేమమనియు తలచుట పొరపాటు.

ఎండయు తేమయు కూడ ఇటులే రెండువైపుల పని చేయును. మన దేశపు వేడిమి సూక్ష్మజీవుల పనికి అనుకూలమే. స్విట్జర్లండు చలి మనకు లేదు. కాని వానాధారపు చేలలో ప్రత్తి తీయుట ముగియునప్పటికి నేల ఎండిపోవును. తేమ లేని మట్టిలో సూక్ష్మజీవి పని చేయదు. ఎండిన రేగడి పెళ్ల మీద పడియున్న ప్రత్తి ఆకు, తడిమట్టిలో కలిసిన ఆకు వలె త్వరగ చివుకదు. తొలకరి వచ్చువరకు చాలభాగము అటులే నిలిచియుండుట సహజము. కాలువనీరు పారెడి చేనునకు, ఆకాశము వంక చూచెడి చేనునకు ఈ విషయమున తేడా యుండక తప్పదు. కావుననే అమెరికా, ఐరోపా ఖండముల మట్టిలో కొలిచిన దినసంఖ్యను మన చేనికి నేరుగ వర్తింపజేయరాదని మేము చెప్పుచున్నాము.

మిగిలినంత కాలము నేలలోని ప్రాణులకు దీనివలన హాని కలదా? సక్సేనా, స్టాట్స్కీ 2001లో ప్రకటించిన దానిని బట్టి వానపాములు, నులిపురుగులు, బూజులు, ఇతర సూక్ష్మజీవులు మొదలగువాని సంఖ్యలో భేదము కనబడలేదు. వానపాముల ప్రేగులలోను, విసర్జనములోను మాంసకృత్తు ఉన్నను, వానిని క్రొత్తమట్టిలో విడిచిన రెండుమూడు దినములలో అది తొలగిపోయినది. 2003లో స్విస్ శాస్త్రజ్ఞులు 200 దినములు బీటీ మొక్కజొన్న మోళ్లను మేపిన పెద్ద వానపాములు నూటికి 18 పాళ్లు బరువు కోల్పోయినవి. సాధారణపు మోళ్లు తిన్నవి నూటికి 4 పాళ్లు పెరిగినవి. ఆ తేడాకు మాంసకృత్తే కారణమని వారు తేల్చి చెప్పలేదు. అధికసంఖ్యాకములైన ప్రయోగములు హాని లేదనియే చెప్పుచున్నవి. డీడీటీ వలె ఇది కొవ్వులో చేరి, ఒక ప్రాణినుండి మరియొక ప్రాణికి పోగుపడుచు పోవునది కాదు. ఏండ్ల తరబడి నేలను పట్టియుండిన రసాయనములతో పోల్చినపుడు ఇది సాధువనియే చెప్పవలయును. భయపెట్టువారు ఈ మాట దాచరాదు.

ఈ సాధుగుణమును చూపి విచారణయే వలదనుట కూడ తగదు. గులాబిరంగు పురుగు క్రై-1-ఏసీకి లొంగుట మానినదని గుజరాతు చేల విషయమున 2010లో బహిరంగముగ ఒప్పుకొనిరి. కొలది యేండ్లలో రెండు మాంసకృత్తుల విత్తనమును కూడ అది జయించినది. రైతు మరల మందుల డబ్బా చేపట్టినాడు. 2017లో యవత్మాల మండలమున ప్రత్తిచేలలో మందు కొట్టుచు విషవాయువులు పీల్చి పలువురు రైతులును, కూలీలును ప్రాణములు కోల్పోయిన దుర్ఘటన మనము మరువరానిది. పురుగును చంపుటలో శక్తి తగ్గిన మాంసకృత్తును మాత్రము ప్రతి యేట అదే మొక్క అదే నేలలో వేయుచునేయున్నది. లాభము తగ్గినపుడు వ్యయమును మరింత శ్రద్ధతో లెక్కించుట గృహస్థు ధర్మము. నేలకు సంబంధించిన లెక్క కూడ ఆ వ్యయములో చేరినదే.

కావున ప్రభుత్వములను, వ్యవసాయ విశ్వవిద్యాలయములను మేము కోరునది ఇది. ప్రత్తి పండెడి ప్రతి ముఖ్యమైన నేలరకమున, తీత ముగిసిన వెంటనే ఒకసారియు, తొలకరికి ముందు ఒకసారియు మట్టి తీసి, పైని చెప్పిన రెండు పరీక్షలను వరుసగ కొన్ని యేండ్లు జరుపవలయును. వానాధారపు చేలను, నీటిపారుదల చేలను వేరువేరుగ చూడవలయును. ఫలితము లనుకూలమైనను, ప్రతికూలమైనను రైతు చదువుకొనగల భాషలో ప్రకటింపవలయును. 2015లో ఆరంభమైన భూసార పత్రమున ప్రస్తుతము పండ్రెండు అంశములు చూపుచున్నారు. నత్రజని, భాస్వరము మొదలు జింకు, బోరాను వరకు అందు కలవు. బీటీ మాంసకృత్తు ఊసు లేదు. ప్రతి రైతు పత్రమునను దానిని చేర్చుమని మేము కోరము, అది వ్యయసాధ్యము. కొన్ని ఎంపికచేసిన చేలలోనైన కొలిచి చెప్పుట ప్రభుత్వమునకు భారము కాదు. 2010లో బీటీ వంకాయ విషయమున నాగపురము, భువనేశ్వరము, బెంగుళూరు, హైదరాబాదు మొదలగు నగరములలో బహిరంగసభలు జరిపి ప్రజల మాట వినిరి. తినెడి కాయకు దక్కిన ఆ గౌరవము, దానిని పండించెడి నేలకు కూడ దక్కవలయును.

పరీక్షలు వచ్చువరకు రైతు చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. మాంసకృత్తును విరుచునది సూక్ష్మజీవియే గాన, సూక్ష్మజీవికి మేలు చేసిన పని యెల్ల ఈ విషయమున మేలే. పశువుల యెరువు, పచ్చిరొట్ట వేసిన నేలలో ప్రాణము హెచ్చును. ప్రత్తికట్టెను ముక్కలు చేసి, తేమయున్న చోట ఎరువుకుప్పగా మురుగనిచ్చుట ఉత్తమము. ఎండిన చేనిలో నెలల తరబడి నిలువుగ వదలుటయు, తగులబెట్టుటయు మంచివి కావు. మిగిలిన కాయలలోను, రాలిన చెత్తలోను గులాబిరంగు పురుగు తలదాచుకొని మరుసటి పైరుపై పడును. కావున కట్టెను త్వరగ తొలగించుటవలన రెండు లాభములు చేకూరును. ఏటేట ప్రత్తి మీద ప్రత్తి వేయక జొన్న, కంది, శనగలతో మార్చుకొనుట మన పెద్దలెరిగిన పద్ధతియే. ఒక యేడు విరామము దొరకినచో మిగిలినది విరుగుటకు నేలకు వ్యవధి చిక్కును. భూసార పత్రము చేత నున్నవారు అందలి ఆమ్లక్షార సంఖ్యను, సేంద్రియ కర్బనపు అంకెను ఈ దృష్టితో మరియొకసారి చూచుకొనవలెను. ఆ రెండంకెలే తమ నేల దీనిని త్వరగ విరుచునదో, నెమ్మదిగ విరుచునదో కొంతవరకు సూచింపగలవు.

యానామువంటి చోటుల నివసించుచు ప్రత్తిచేను మొగము చూడని మన సోదరులకు కూడ ఈ ప్రశ్న పరాయిది కాదు. ప్రత్తి వలె రేపు మరియొక పైరు, అటుపై మరియొకటి ఇట్టి జన్యువులతో రావచ్చును. వచ్చిన ప్రతిదానికి భయపడుటయు, వచ్చిన ప్రతిదానిని పొగడుటయు సులభములే. మట్టి తీసి, కొలిచి, కొలిచినది దాచక చెప్పుట కష్టము. కాని తరువాతి తరమువారికి నేలను అప్పగింపవలసినవారు చేయదగిన పని అదియే. వలస వచ్చిన మన పూర్వులు ఈ నేలలను కన్నబిడ్డల వలె సాకి మనకు విడిచిపోయిరి. ఆ నేలలో ఏమి మిగిలియున్నదో తెలిసికొని మన బిడ్డలకు విడిచిపోవుట మన కర్తవ్యము. పాఠకమహాశయులు తమ తమ గ్రామములలో ఈ విషయమును చర్చించి, వ్యవసాయాధికారులను ఈ ప్రశ్న అడుగుదురుగాక యని ఆశించుచున్నాము.